వాల్వు కాస్త ఆలస్యంగా మూసుకుంటే

నాకు ముక్కు మీద కోపం. ఇది నా గురించి నేను చెప్పుకునే మాట కాదు, ఇన్నేళ్ళుగా నా దగ్గర పాఠం విన్నవాళ్ళంతా బయటికి వెళ్ళి చెప్పుకునే మాట. అలాంటిది ఆ రోజు ఆఖరి వరుసలో కూర్చున్న అమ్మాయి ఆ ప్రశ్న అడిగినప్పుడు కోప్పడటమే మర్చిపోయానంటే, దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో మీరే చూసుకోండి.

"మేడం, మీ కారు మైలేజ్ ఎంతిస్తది?"

అంతే ప్రశ్న. అప్పటికి నలభై నిమిషాలుగా బోర్డు ముందు నిలబడి, చిన్న పెట్రోలు కార్లలో ఇంధనం ఆదా చేసే వాల్వు టైమింగ్ గురించి ఊదరగొడుతున్నాను. గొంతు ఎండిపోయింది, వేళ్ళ నిండా మార్కరు మరకలు. నా కారులోనూ అలాంటి ఇంజనే ఉందని గొప్పగా చెప్పుకున్నదీ నేనే. అబద్ధమాడటం నాకు చేతకాదు, ఆడినా మొహం మీద తెలిసిపోతుంది. అందుకని ఉన్నమాటే చెప్పాను.

"ఊళ్ళో పద్నాలుగు. ఈ మధ్య అది కూడా సరిగ్గా రావడం లేదు."

"మా నాయిన క్యాబ్ నడుపుతడు మేడం. పదేండ్ల కింది బండి. గీ వాల్వు ముచ్చట దాంట్ల లేనే లేదు. అది సుత పదిహేను ఇస్తది."

గదంతా గొల్లున నవ్వింది. ఆ అమ్మాయి వెటకారంగా అడగలేదు, అదే నా ఖర్మ. వెటకారమైతే నాలుగు దులిపేసి ఊరుకునేదాన్ని. నిజంగా తెలుసుకోవాలని కళ్ళు పెద్దవి చేసుకుని అడిగింది. తల కొట్టేసినట్టయింది.

అమీర్‌పేటలో పాఠాన్ని కూడా ముందు రుచి చూస్తారు. ఇక్కడ ఏ కోర్సుకైనా మొదటి రోజు ఉచితం, దాన్ని డెమో అంటారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి యూసుఫ్‌గూడ గదుల్లో నలుగురైదుగురు కలిసి అద్దెకుండే పిల్లలు నోటుబుక్కు చంకన పెట్టుకుని పొద్దున ఈ మెట్లెక్కి ఒక డెమో, ఆ మెట్లెక్కి ఇంకో డెమో వింటారు. నచ్చితే బయట బల్ల మీదున్న రిజిస్టరులో పేరు రాస్తారు. నచ్చకపోతే పల్లెత్తు మాట అనకుండా పక్క మెట్లెక్కుతారు. ఆ మర్యాదే మమ్మల్ని చంపేస్తుంది.

ఆ రోజు కూర్చున్నది ముప్పై ఇద్దరు. పేరు రాసింది నలుగురు.

మా ఇన్‌స్టిట్యూట్ యజమాని మెత్తటి మనిషి. నాలాగే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. రిజిస్టరు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడిచారంటే చెడ్డ మాట రాబోతోందని అర్థం.

"ఏంటి మేడం గారూ, వరసగా మూడో డెమో ఇలా అయితే ఎలాగండీ? ఇంకొక్కటి పెట్టుకుందాం. పదిహేను రోజులు టైము తీసుకోండి. ఇరవై పేర్లు రావాలి. రాకపోతే ఆ గది క్లౌడ్ కోర్సుకి ఇచ్చేస్తాను. వాళ్ళు మెట్ల మీద కూర్చుని వింటున్నారు. నన్ను తప్పుగా అనుకోకండి."

తప్పుగా ఎలా అనుకుంటాను? ఆ సందులో ఇంజను గురించి చెప్పే గది అదొక్కటే మిగిలింది. మిగతావన్నీ తెర మీద అక్షరాలు పరిగెత్తే కోర్సులు. నాకు యాభై ఒకటి. పదకొండేళ్ళుగా పొద్దున ఏడున్నరకి ఆ గది తాళం తీస్తున్నాను. కారులోని చిన్న కంప్యూటరు ఇంజనుతో ఎలా మాట్లాడుతుందో చెప్పడమే నా పని, నా సంతోషం, ఏమన్నా అనుకోండి, నా పిచ్చి. ఆ గది పోతే ఇంకో గది ఇచ్చేవాళ్ళు లేరు. ఇంట్లో గోడకి పాఠం చెప్పుకోవాలి.

మొహం మాడ్చుకుని సెల్లారులోకి దిగి కారులో కూర్చున్నాను. ముందు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది. తర్వాత కారు మీద వచ్చింది. "నా పరువు తీశావు కదే" అని స్టీరింగు మీద ఒక్కటిచ్చాను. హారన్ మోగి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఏం లేదు బాబూ, వెళ్ళు అన్నాను.

అప్పుడు పక్క సీట్లో పడేసిన బ్యాగులోంచి నా స్కానరు తొంగి చూస్తూ కనిపించింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగు కింద ఉండే సాకెట్టుకి తగిలిస్తే, ఇంజను లోపల ఏం జరుగుతోందో ల్యాప్‌టాప్ మీద చూపిస్తుంది. దాన్ని ఎన్ని కార్లకి తగిలించి ఎంతమంది పిల్లలకి చూపించానో లెక్క లేదు. నా కారుకి ఒక్కసారి కూడా తగిలించలేదు. నా కారు గురించి నాకు తెలియంది ఏముంటుందిలే అన్న ధీమా. ఆ ధీమాని ఇప్పుడు తల్చుకుంటే నాకే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

తగిలించి, రికార్డింగు పెట్టి, ఇంటికి బయలుదేరాను. మా ఇల్లు పంజాగుట్ట వెనక సందులో. నేరుగా పోతే ఇలా ఎక్కి అలా దిగినట్టే ఉంటుంది, అందుకని ఎర్రమంజిల్ ఎత్తు మీదుగా ఒక చుట్టు తిప్పి తీసుకెళ్ళాను. ఇంటి ముందు ఆపి, అక్కడే కారులో కూర్చుని గీతలు చూశాను. రెండు గీతలు ఉంటాయి. ఒకటి కంప్యూటరు అడిగింది, రెండోది ఇంజను చేసింది. వాల్వు మూసుకునే వేళని ఇరవై డిగ్రీలు జరపమని కంప్యూటరు అడిగితే, ఇంజను ఆరు జరిపింది. అదీ తీరిగ్గా, కంప్యూటరు మనసు మార్చుకుని వద్దులే అన్నాక. దారి పొడుగునా అంతే. పిలిస్తే పలకని మనిషిలా ఉంది నా ఇంజను.

ఆ ఏడాది ఇంజనులో లోపం చెప్పే పసుపు దీపం రెండుసార్లు వెలిగిందని అప్పుడు గుర్తొచ్చింది. రెండుసార్లూ మెకానిక్ దాన్ని ఆర్పేసి, "సెన్సార్‌ది మేడం, అందరికి వస్తది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నేను తలూపాను. రోజూ ఆ దీపం అర్థమేంటో పిల్లలకి చెప్పే మనిషిని, తలూపాను!

మర్నాడు పొద్దున్నే యూసుఫ్‌గూడ వెళ్ళాను. మా మెకానిక్‌ది రెండు గోడల మధ్య రేకుల షెడ్డు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అన్నా అని పిలుస్తాను. శబ్దం విని రోగం చెప్పే మనిషి. నా కారుని కొన్నప్పటి నుంచీ చూస్తున్నది ఆయనే. ఎవరైనా దాని మీద చెయ్యేస్తే ఊరుకోడు.

"రాండ్రి మేడం, కూసోండ్రి. ఏమైంది, మొకం గట్లున్నది?"

జరిగింది చెప్పి, గీతలు చూపించి, వాల్వుని జరిపేది ఆయిలే కదా అని, "అన్నా, నా ఇంజనులో ఏ ఆయిల్ పోస్తున్నావు?" అని అడిగాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "మస్తు చిక్కటిది పోస్తున్న మేడం. వేరేటోళ్ళకు పొయ్య. మీ బండని చెప్పి ఇరవై యాభై పోస్తున్న. కంపెనీల పోసేది నీళ్ళ లెక్క ఉంటది. మన ఎండలకు అది ఆగుతదా? చిక్కగుంటెనే ఇంజన్‌కు బలం."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రేమతో పోశాడు. మన ఇళ్ళలో అంతే కదా. పాలు చిక్కగా ఉంటే మంచివి, చాయ్ చిక్కగా ఉంటే మంచిది, పప్పు చిక్కగా ఉంటే ఆ ఇల్లాలు మంచిది. ఆయిల్ మాత్రం చిక్కగా ఉంటే మంచిది కాకుండా ఎలా పోతుంది? నేను కూడా అలాగే అనుకున్నానేమో, తెలియదు. పోస్తుంటే ప్రతిసారీ పక్కనే నిలబడి ఫోను చూసుకున్నాను తప్ప ఏం పోస్తున్నావని అడగలేదు. పైగా చిక్కటి ఆయిల్ ఎక్కువ రోజులు ఆగుతుందని ఆయనంటే, సరే అని రెండు విడతలు వాయిదా కూడా వేశాను.

"బానెట్ తియ్యి అన్నా" అన్నాను.

ఆయిల్ పోసే మూత మీద మసి అట్ట కట్టి ఉంది. పాత బనియన్ గుడ్డ తీసుకుని నేనే తుడిచాను. అక్షరాలు బయటపడ్డాయి. సున్నా, డబ్ల్యూ, ఇరవై. అంటే పల్చటి ఆయిల్. ఇంత పెద్ద అక్షరాలు, మూత మీదే, అచ్చు పోసి ఉన్నాయి. ఇద్దరం వంగి చూశాం.

"ఎన్నిసార్లు తీసిన్నో గీ మూత" అన్నాడు. "తీస్త, పక్కన పెడ్త. చదువుడు ఎన్నడు లేదు."

"నేనూ అంతే అన్నా."

కానీ అంత తేలిగ్గా లొంగుతాడా? వెంటనే సర్దుకున్నాడు. "అయినా మేడం, గిది చల్ల దేశాలోళ్ళ కోసం రాసి ఉంటరు. హైదరాబాద్ ఎండ సంగతి వాళ్ళకేమెర్క? పల్చటిది పోసి రేపు ఇంజన్ పట్టేస్తే నా పేరు పోతది. నేను పొయ్య."

"నా బండి నా ఇష్టం. పొయ్యి!"

"వేరే షాపుకు తోల్కపోండ్రి మేడం. నా చేతులతోని నేను చెయ్య."

కోపం నషాళానికంటింది. విసురుగా వచ్చేశాను. పంజాగుట్ట దాకా వచ్చాక గానీ అర్థం కాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ముప్పై ఏళ్ళు చేతులతో నేర్చుకున్నదాన్ని నా ల్యాప్‌టాప్‌లో రెండు గీతలు చూసి ఎందుకు వదులుకోవాలి? గీతలు నాకు అర్థమవుతాయి, ఆయనకి కావు. నా పిల్లలకీ కాలేదు, అందుకేగా ముప్పై ఇద్దరిలో నలుగురు మిగిలింది. నేను ఎవరికీ ఏదీ చేత్తో ముట్టుకునేలా చెప్పలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి పంజాగుట్ట సిగ్నలు రెండుసార్లు పచ్చబడేంత సేపు పట్టింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, కొట్టుకోనీ.

సిగ్నలు దాటాక మందుల షాపు ముందు ఆపి సిరంజిలు అడిగాను. అయిదు పెద్దవి, సూదులు లేకుండా, వాటికి సరిపడే సన్నటి గొట్టం కూడా. "పేషెంటు ఎవరమ్మా?" అన్నాడు షాపతను. "ఇంజను" అన్నాను. ఇంకేం అడగలేదు.

మళ్ళీ యూసుఫ్‌గూడ వచ్చేసరికి ఆయన చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి రెండోది చెప్పాడు. అలకలు మా ఇద్దరి మధ్య ఒక చాయ్ కంటే ఎక్కువ నిలవవు.

స్టూలు లాక్కుని కూర్చుని, ఖాళీ సిరంజి ఒకటి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నీ సిలిండర్ అన్నా. మూతి దగ్గర బొటనవేలు పెట్టి, కొంచెమే సందు వదిలి, పిస్టన్ కిందికి లాగు."

లాగాడు. వేలిని పీల్చేస్తోంది, పిస్టన్ రానంటోంది. "బిర్రుగున్నది."

"అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఇంజను పడే పాటు అదే. మనం యాక్సిలరేటర్ మీద కాలు అలా ఆనించి పోతుంటాం. గాలి దారి దాదాపు మూసి ఉంటుంది. ఆ సన్నటి సందులోంచి గాలి పీల్చుకోవడానికే సగం ప్రాణం పోతుంది. పెట్రోలు బండిని నడపడానికి కాదు, ఊపిరి తీసుకోవడానికి ఖర్చవుతుంది. ఇప్పుడు వేలు పూర్తిగా తీసి లాగు."

సుయ్యిమని వచ్చింది. "అరె" అన్నాడు.

"హాయిగా ఉంది కదా? కానీ గాలి ఎక్కువ వచ్చేసింది. మనకి అంత అక్కర్లేదు. ఏం చెయ్యాలి? వేలు పెట్టకుండానే పిస్టన్ కొంచెం పైకి నెట్టు. అక్కర్లేని గాలి వచ్చిన దారినే పోతుంది. ఇప్పుడు మూసెయ్యి. మిగిలిన గాలినే నొక్కు. అంతే అన్నా, గాలి లోపలికి వచ్చే వాల్వుని కాస్త ఆలస్యంగా మూస్తారు. పీల్చుకునేటప్పుడు ఇంజను ఏడవదు. నొక్కేది తక్కువ దూరం, మంట వచ్చి తోసేటప్పుడు మాత్రం పూర్తి దూరం. ఎత్తు ఎక్కాలన్నప్పుడు, గాలి నిండుగా కావాలన్నప్పుడు, అదే వాల్వు త్వరగా మూసుకుంటుంది."

ఆయన సిరంజిని నాలుగైదుసార్లు లాగి నెట్టి చూశాడు. "బస్సుల ఎక్కువ మంది ఎక్కితే, డోర్ పెట్టేముందు నలుగురిని దింపినట్టు" అన్నాడు.

నేను పదకొండేళ్ళుగా బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే. ఒప్పుకుంటున్నాను, కొంచెం అసూయ కూడా వేసింది.

"ఆ డోర్ ఎప్పుడు పెట్టాలో జరిపేది ఆయిలే అన్నా" అన్నాను. వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌షాఫ్టు చివర గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది, లోపల రెక్కలు ఉంటాయి. రెక్కకి ఈ పక్క ఆయిల్ తోస్తే వాల్వుల వేళ ముందుకి, ఆ పక్క తోస్తే వెనక్కి జరుగుతుంది. కంప్యూటరు చెప్పినప్పుడల్లా చిన్న కరెంటు వాల్వు ఆ ఆయిల్‌ని అటూ ఇటూ పంపుతుంది. ఇదంతా చెప్పి, మిగిలిన సిరంజిలు రెండు జతలుగా గొట్టాలతో కలిపాను. ఒక జతలో ఆయన చిక్కటి ఆయిల్, ఇంకో జతలో ఆయన షెడ్డులోనే దుమ్ము కొట్టుకుని ఉన్న పల్చటి ఆయిల్ నింపాం.

"రెండూ ఒకేసారి నొక్కు."

పల్చటిది నొక్కిన వెంటనే అవతలి సిరంజి లేచింది. చిక్కటిది బద్ధకంగా, బతిమాలించుకుని, ఆయన బొటనవేలు ఎర్రబడ్డాక లేచింది. ఆయన మళ్ళీ నొక్కాడు. చేతులు మార్చి నొక్కాడు. పక్క షాపు పంక్చర్ల ఆయన్ని పిలిచి ఆయనతో కూడా నొక్కించాడు. తర్వాత పానా తీసుకుని లేచాడు.

ఒక్క బోల్టు విప్పితే ఆ కరెంటు వాల్వు చేతిలోకి వచ్చింది. దాని నడుముకి వేలి గోరంత వెడల్పున సన్నటి జల్లెడ. జల్లెడ కళ్ళన్నీ నల్లటి జిగటతో పూడుకుపోయి ఉన్నాయి. వాయిదా వేసిన ఆయిల్ మార్పులు, ఇంజను ఒళ్ళు వేడెక్కేలోపే ఆపేసే నా చిన్న చిన్న ప్రయాణాలు, అన్నీ అక్కడ పేరుకుని ఉన్నాయి. ఆయన దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూశాడు.

"గింత మందం మడ్డి. నేనే పోసిన మేడం" అన్నాడు. "మంచిగుంటదని పోసిన."

"తెలుసన్నా. నేను పక్కనే నిలబడి ఉన్నాను. బోర్డు మీద అన్నీ చెప్పేదాన్ని, మూత మీద చదవలేదు. నువ్వొక్కడివే మోయకు, సగం నాకివ్వు."

ఆయన జల్లెడని పసిబిడ్డకి చెవులు తుడిచినంత నెమ్మదిగా శుభ్రం చేశాడు. పాత ఆయిల్ పూర్తిగా దింపి, ఫిల్టరు మార్చి, మూత మీద రాసిన ఆయిల్ పోశాడు. పోసేటప్పుడు మాత్రం మొహం అటు తిప్పుకున్నాడు. "నీళ్ళే మేడం, నీళ్ళే" అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం ఎర్రమంజిల్ ఎత్తు ఎక్కుతుంటే, కంప్యూటరు గీత ఎటు పోతే ఇంజను గీత అటు పోయింది. ఇరవై అడిగితే ఇరవై. కారు ఆపి మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మా ఇంటి ముందు అరుగు మీద కూర్చున్న పెద్దావిడకి కూడా చూపించాను. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, "శుభం తల్లీ" అంది.

గీతలు కలిస్తే సరిపోదు, ఆ అమ్మాయి అడిగింది మైలేజ్. ట్యాంకు నిండా పోయించి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర నిండా పోయించేదాకా తిరగాలి. తిరిగాను. పంజాగుట్ట, ఎర్రమంజిల్, అమీర్‌పేట, యూసుఫ్‌గూడ. పనున్నా తిరిగాను, లేకపోయినా తిరిగాను. మధ్యలో బోనాల రోజు వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు జనసముద్రం. బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు నా కారుని దాటుకుంటూ ముందుకి పోతున్నారు, నేను గంటంపావు అంగుళం అంగుళం కదిలాను. ఈ ఒక్క రోజు లెక్కలోంచి తీసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనిపించింది. ఆ అమ్మాయి కళ్ళు గుర్తొచ్చాయి. తీయలేదు. అమ్మా, నీ ముందే చెబుతున్నాను, ఇది కూడా కలుపుతున్నాను అని గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టాను.

డెమో ముందు రోజు బంకులో నాజిలు టక్కుమంది. భాగహారం చేస్తే పదహారు వచ్చింది. మళ్ళీ చేశాను, పదహారే. పదహారంటే ప్రపంచాన్ని గెలిచినట్టేం కాదు. ఆయిల్ పల్చబడి ఇంజను తేలికపడినందుకు కొంత, వాల్వు చెప్పినట్టు విన్నందుకు కొంత, కారు కొత్తలో ఇచ్చినదాన్నే నాకు తిరిగి ఇచ్చింది. అయినా ఆ రోజు ఇంటికి వెళ్తుంటే నా కాళ్ళు నేల మీద ఆనలేదు. కారులో ఉన్నాను కాబట్టి ఎలాగూ ఆనవనుకోండి.

డెమోకి మెకానిక్‌ని రమ్మన్నాను. "నేనా? ఇంగ్లీష్ చదువులోళ్ళ మధ్యల నేనేం చేస్త?" అన్నాడు. అన్నవాడు మర్నాడు నాకంటే ముందొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. నేను గదిలో ల్యాప్‌టాప్ సర్దుకుంటుంటే బయట రిజిస్టరు బల్ల దగ్గర చాలాసేపు ఏదో చూస్తూ నిలబడ్డాడు.

నలభైమందికి పైగా వచ్చారు. ఆఖరి వరుసలో అదే అమ్మాయి. "పక్క డెమోల కరెంట్ పోయింది మేడం, గందుకే వచ్చిన" అంది నవ్వుతూ. ఎందుకైతేనేం, వచ్చింది.

బోర్డు మీద ఒక్క గీత కూడా గీయలేదు. ఇద్దరికొక సిరంజి చేతికిచ్చి, వేలు పెట్టి లాగమన్నాను. గది నిండా మూలుగులు. వేలు తీసి లాగమన్నాను. గది నిండా నవ్వులు. తర్వాత నా సంగతి చెప్పాను, దాచకుండా. పద్నాలుగు, పసుపు దీపం, తలూపడం, మూత మీద మసి, అన్నీ. చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి. కానీ ఒక్కరు కూడా ఫోను చూడలేదు. ఇన్నేళ్ళలో నేను గొప్పగా చెప్పిన ఏ పాఠాన్నీ వాళ్ళు ఇలా వినలేదు.

ఆ తర్వాత అందరినీ సెల్లారులోకి దింపాను. కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, పాత గీతలు, కొత్త గీతలు పక్కపక్కన చూపించాను. మెకానిక్ జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో పాత కరెంటు వాల్వు ఒకటి, ఎవరిదో వేరే బండిది, మడ్డితో సహా. "గిట్లనే ఉండె మేడం బండిల సుత. నిన్న ఇంకో నాలుగు బండ్లు చూసిన, అన్నిట్ల గిదే మడ్డి" అన్నాడు. పిల్లలు ఆయన చుట్టూ మూగారు. ఆయన బస్సు డోరు కథ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆయన తడబడి, వాల్వుని మళ్ళీ రుమాల్లో చుట్టేసి, మళ్ళీ విప్పాడు.

"మేడం, ఇప్పుడు మైలేజ్ ఎంత?" అంది ఆ అమ్మాయి.

"పదహారు. బోనాల ట్రాఫిక్ కలుపుకుని!"

ఈల వేశారెవరో. వేరే రోజైతే వేసినవాళ్ళని తిట్టేదాన్ని, ఆ రోజు తిట్టలేదు.

ఆ అమ్మాయి ఒక అడుగు ముందుకొచ్చింది. "మరి మా నాయిన బండిల ఏ ఆయిల్ పొయ్యాలె?"

నేను నోరు తెరిచేలోపే మెకానిక్ అందుకున్నాడు. "ఎవ్వరినీ అడగకు బిడ్డా. మూత తుడిచి చదువు."

సెల్లారు మార్మోగింది. నా కళ్ళు తడిసిపోయాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

పైకి వచ్చేసరికి రిజిస్టరు చుట్టూ గుంపు. గుంపు పలచబడ్డాక యజమాని వేలు పెట్టి లెక్కపెట్టారు. రెండోసారి లెక్కపెట్టారు. కళ్ళజోడు తీశారు.

"పంతొమ్మిది మేడం గారూ."

నేను రిజిస్టరు లాక్కుని లెక్కపెట్టాను. "ఇరవై ఉన్నాయండీ!"

"మొదటి పేరు మీ మెకానిక్ గారిదండీ. పొద్దున్నే రాసినట్టున్నారు. ఆయన్ని విద్యార్థి అని ఎలా అనుకుంటాం? చూడండి, క్వాలిఫికేషన్ దగ్గర ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేశారు."

చూశాను. మొదటి వరసలో, పెద్ద పెద్ద అక్షరాలతో, కాగితం మీద గాటు పడేలా రాసిన పేరు. డెమో మొదలవకముందే, నేను నెగ్గుతానో లేదో తెలియకముందే రాసింది. పక్క గడిలో ఏం రాయాలో తెలియక కలం ఆన్చి వదిలేసిన చుక్క ఒకటి ఉంది. గోడ పక్కన నిలబడి ఆయన మా వైపు చూడకుండా సిరంజి లాగుతూ నెడుతూ ఉన్నాడు.

బల్ల మీద కలం తీసుకుని, ఆ చుక్క మీదే మొదలుపెట్టి, ఖాళీ గడిలో రాశాను. "ముప్పై ఏళ్ళు." రిజిస్టరు యజమాని వైపు తిప్పాను.

ఆయన చదివారు. కళ్ళజోడు తుడుచుకోకుండానే మళ్ళీ పెట్టుకుని, సొరుగులోంచి గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"క్లాసు ఎన్నింటికి మేడం?" అన్నాడు మెకానిక్, సిరంజి జేబులో పెట్టుకుంటూ.

"ఏడున్నరకి. ఆలస్యంగా వస్తే ఎవరినీ ఊరుకోను, నువ్వైనా సరే."

"ఆలస్యమైతెనే మంచిదని ఇప్పటిదాంక చెప్తిరి గద?"

"మూసుకోవడం ఆలస్యమైతే మంచిదన్నాను అన్నా. తెరుచుకోవడం కాదు."

మర్నాడు ఏడుంబావుకి నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త నోటుబుక్కు ఉంది.